కచేరీకి, పత్రికకు నడుమ: స్వతంత్ర కళాపాత్రికేయుని వృత్తిచరిత్ర

భారతీయ సంగీత చరిత్రలో వాగ్గేయకారులకు, గాయకులకు, పోషకులైన ప్రభువులకు, తరువాతి కాలంలో సభలకు తగిన స్థానం లభించింది. కచేరీ ముగిసిన రాత్రే కూర్చుని మరునాటి పత్రికకు పావుపుట సమీక్ష వ్రాసి పంపినవానికి మాత్రం ఆ చరిత్రలో ప్రత్యేకాధ్యాయం లేదు. అతడు పత్రిక సిబ్బందిలో ఒకడు కాడు, ఆకాశవాణిలో ఉద్యోగి కాడు. ఒక్కొక్క వ్యాసానికి, ఒక్కొక్క ప్రసంగానికి విడివిడిగా పారితోషికం పుచ్చుకొని పనిచేసినవాడు. అయినప్పటికీ ఇరవయ్యో శతాబ్దిలో ఒక కళాకారుని పేరు సొంత ఊరి పొలిమేర దాటి వినబడడానికి అతని కలమూ ఒక కారణం.

రాజాస్థానం ఉన్నంతకాలం విమర్శకుని అవసరం అంతగా లేదు. వినేవారు కొద్దిమంది, వారిలో చాలామంది విద్వాంసులే. తప్పొప్పులు అక్కడికక్కడే తేలిపోయేవి. కచేరీ టిక్కెట్టు కొని వినేది అయిన నాటినుంచి పరిస్థితి మారింది. 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభ సందర్భంగా జరిగిన అఖిల భారత సంగీత సమావేశం, దాని ఫలితంగా 1928లో వెలసిన మద్రాసు సంగీత అకాడమీ ఈ మార్పుకు గుర్తులు. పాట వినడానికి డబ్బిచ్చిన గుమాస్తాకు, వకీలుకు, ఉపాధ్యాయునికి తాము విన్నది ఎటువంటిదో చెప్పేవాడు కావలసివచ్చాడు. 1930లలో ‘ఆనంద వికటన్’ పుటలలో ‘కర్నాటకం’ అనే మారుపేరుతో కల్కి కృష్ణమూర్తి వ్రాసిన సంగీత, నృత్య సమీక్షలకు తమిళ పాఠకలోకంలో లభించిన ఆదరణ ఈ అవసరానికి నిదర్శనం. అయితే కల్కి ఆ పత్రిక సంపాదకవర్గంలోని వ్యక్తి. ఆయన కలానికి వెనుక పత్రిక అండ ఉంది. బయటినుంచి వ్రాసేవానికి ఆ అండ ఉండదు.

అండ లేకపోవడం అంటే ఏమిటో కళారంగానికి సన్నిహితుడైన ఒక పాత్రికేయుని అనుభవం ముందే తెలియజేసింది. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అనీ బిసెంట్ నడిపిన ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయడానికి 1915లో మద్రాసు వచ్చాడు. మరుసటి ఏడు ఐర్లండులో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ వ్యాసం వ్రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. ఆ తరువాత ఆయనకు ఆశ్రయమిచ్చింది మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల. అక్కడ అధ్యాపకవృత్తిలో ఉంటూనే భారతీయ చిత్రకళ గురించి వ్రాశాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో విడిది చేసినప్పుడు ‘జనగణమన’ బాణీకి స్వరలేఖనం చేసిన మార్గరెట్ కజిన్స్ ఆయన భార్య. జీతం ఒకచోట, రచన మరొకచోట అన్న ఏర్పాటు కజిన్స్‌తో మొదలుకాలేదు, ఆయనతో ముగియనూ లేదు. భారతదేశంలో కళావిమర్శకు ఆర్థికమైన పునాది ఇదే.

వరుసగా పేర్లు తీసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది. హిందుస్థానీ ఘరానాల స్వరూపాన్ని ‘ఘరందాజ్ గాయకీ’ (1961) గ్రంథంలో వివరించిన వామన్‌రావ్ దేశ్‌పాండే వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటు. నృత్యవిమర్శలో అర్ధశతాబ్దికి పైగా పనిచేసి 2020లో మరణించిన సునీల్ కొఠారి సైతం మొదట చదివినది ఆ లెక్కల చదువే. బొంబాయిలో 1947 నాటి ప్రోగ్రెసివ్ చిత్రకారుల బృందానికి పత్రికాముఖంగా బాసటగా నిలిచిన రుడాల్ఫ్ వాన్ లేడన్ వాణిజ్య సంస్థలలో ఉద్యోగం చేసుకున్నాడు. ఇక సుబ్బుడు అన్న పేరుతో సంగీతజ్ఞులను ఆరు దశాబ్దాలు హడలెత్తించిన పి.వి. సుబ్రహ్మణ్యం (1917–2007) కేంద్ర ప్రభుత్వోద్యోగి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మా నుంచి కాలినడకన భారతదేశం చేరి, సిమ్లాలోను ఢిల్లీలోను పగలు దస్త్రాలు చూసి, సాయంత్రం కచేరీలు విని, రాత్రి ‘స్టేట్స్‌మన్’కు సమీక్షలు వ్రాశాడు. ఆయన వెటకారం పలుమార్లు హద్దు మీరిందన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. కాని జీవిక సమీక్షల మీద ఆధారపడనందువల్లనే ఆయన అంత నిర్భయంగా వ్రాయగలిగాడన్నది కూడ నిజమే.

ప్రభుత్వోద్యోగి పత్రికలకు వ్రాయడానికి వీలు కల్పించినది పైకి ఏమంత కళాత్మకంగా కనిపించని ఒక నిబంధన. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, రేడియో ప్రసంగాలకు, పత్రికా రచనలకు ముందస్తు అనుమతి కావాలంటూనే, అవి కేవలం సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైనవైతే ఆ అనుమతి అక్కరలేదని మినహాయించింది. ఆ ఒక్క వాక్యం చాటున ఎందరు గుమాస్తాలు, ఆడిటర్లు, తపాలా ఉద్యోగులు రాగతాళాలను గురించి వ్రాశారో లెక్క తేల్చడం కష్టం. అకాడమీల గ్రాంట్ల కంటె ఈ మినహాయింపే విమర్శకు ఎక్కువ మేలు చేసిందనడం అతిశయోక్తి కాదు.

రెండవ ఆధారం రేడియో. 1927 జులైలో బొంబాయిలో ప్రైవేటు కంపెనీ కేంద్రంగా మొదలైన ప్రసారాలు 1930లో ప్రభుత్వాధీనమై, 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు ధరించాయి. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. నిజాం ప్రభుత్వపు హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో విలీనమయింది. సంగీతానికి పెద్దపీట వేసిన ఈ వ్యవస్థకు పాడేవారితోపాటు పాట గురించి మాట్లాడేవారూ కావలసివచ్చారు. త్యాగరాజు వర్ధంతికో, ఒక విద్వాంసుని అస్తమయానికో, జాతీయ సంగీత కార్యక్రమానికి ముందుమాటగానో ప్రసంగం అవసరమయ్యేది. ఆకాశవాణి వివిధ భాషలలో నడిపిన కార్యక్రమ పత్రికలు మరికొంత చోటు కల్పించాయి. ఇంగ్లీషులో ‘ఇండియన్ లిజనర్’, బెంగాలీలో ‘బేతార్ జగత్’, తమిళంలో ‘వానొలి’, తెలుగులో ‘వాణి’ వాటిలో చేరుతాయి.

రేడియో ప్రసంగం పత్రికా వ్యాసం కంటె భిన్నమైన క్రమశిక్షణ. ఒప్పంద పత్రం ముందు వస్తుంది. వ్రాతప్రతి గడువులోగా కేంద్రానికి చేరాలి. దానిని సంబంధిత అధికారి చదువుతాడు. పది నిమిషాలంటే పది నిమిషాలే. తరువాతి కార్యక్రమం ఎవరికోసమూ ఆగదు. రాగలక్షణాన్ని స్వరలిపి సాయం లేకుండ, కేవలం మాటలతో, ఆ శాస్త్రం తెలియని శ్రోతకు సైతం అందేటట్లు చెప్పాలి. దీర్ఘసమాసాలు మైక్రోఫోను ముందు చతికిలబడతాయి. తెలుగులో సంగీతాన్ని గురించిన వచనం సరళం కావడానికి ఈ నిర్బంధం ఎంతో తోడ్పడింది. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు ఆకాశవాణి ఉద్యోగి కనుక ఈ వ్యాసంలోని కోవకు చెందరు. అయినా ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందడం, సంగీతాన్ని గురించిన రచన సాహిత్యంగా గుర్తింపు పొందిందనడానికి సాక్ష్యం.

అయితే అదే రేడియో విమర్శకుని ఒక ఇరకాటంలో పెట్టింది. బి.వి. కేస్కర్ సమాచార ప్రసారశాఖ మంత్రిగా ఉన్న కాలంలో (1952–62) కళాకారులను పరీక్షించి శ్రేణులుగా విభజించే పద్ధతి బలపడింది. ఒక గాయకునికి పై శ్రేణి ఇచ్చిన సంస్థ తరఫున మైకు ముందు కూర్చున్నవాడు ఆ గాయకుని శ్రుతి నిలవడం లేదని ఎట్లా చెప్పగలడు? ప్రసార నియమావళి మతాల మీద దాడిని, పరువునష్టాన్ని నిషేధించింది కాని, కచేరీ బాగులేదనడాన్ని నిషేధించలేదు. అయినా రేడియోలో కళాప్రసంగం క్రమంగా పరిచయానికి, నివాళికి పరిమితమయింది. కఠినమైన మాట చెప్పదలచినవాడు దానిని పత్రికకు దాచుకునేవాడు. ఒకే మనిషి గళంలో మృదువుగాను, కలంలో కరుకుగాను కనిపించడానికి కారణం ఇది. దానిని కపటమనడం తొందరపాటు. ప్రతి నెలా పిలుపు కోసం ఎదురుచూసే మనిషి జాగ్రత్త అది. మరి ఈ జాగ్రత్త వల్ల నష్టపోయినది శ్రోత. వేలాది ఊళ్లలో పత్రిక అందనివారికి రేడియో ఒక్కటే దిక్కు. వారు ప్రశంసలు మాత్రమే విన్నారు.

పత్రికలోనైనా స్వతంత్ర రచయితకు చట్టం రక్షణ ఇవ్వలేదు. మొదటి ప్రెస్ కమిషన్ (1952–54) నివేదిక దరిమిలా 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పాత్రికేయుడంటే పాత్రికేయమే ప్రధాన వృత్తిగా కలిగి, పత్రికాసంస్థలో నియుక్తుడైనవాడు. దస్త్రాలు చూసుకుంటూ సమీక్ష వ్రాసేవాడు మొదటి షరతు దగ్గర తప్పిపోతాడు. ఉద్యోగం మానుకొని పూర్తికాలం సమీక్షలతోనే బ్రతుకుతూ, ఏ సంస్థలోనూ నియామకం లేనివాడు రెండవ షరతు దగ్గర తప్పిపోతాడు. వేతన మండలి, గ్రాట్యుటీ, సెలవు అన్నవి అతని దరిదాపులకు రాలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతి పాత్రికేయ నిర్వచనాన్ని ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాలకు విస్తరించినా ‘నియుక్తుడు’ అన్న మాటను వదలలేదు. కళాపత్రికారచనను పదవీవిరమణ చేసినవారి వ్యాసంగంగానో, సంపన్నుల సరదాగానో మార్చిన కారణాలలో ఇది ప్రధానమైనది. కలిగిన కుటుంబంలో పుట్టనివాడు, మరో ఉద్యోగం లేనివాడు, పిల్లల చదువుకు నెలనెలా డబ్బు కావలసిన స్త్రీ ఈ రంగంలో నిలబడడం అరుదయింది. ఎవరు వ్రాశారన్నదానిని బట్టే దేనిని గురించి వ్రాశారన్నదీ తేలింది. సభాకచేరీల మీద వచ్చినన్ని సమీక్షలు ఒగ్గుకథ మీద గాని, తోలుబొమ్మలాట మీద గాని రాలేదు.

అందరికీ తెలిసినదే చూసి వ్రాయడం తేలిక; తెలియనిదానిని వెతికి చూపినవారు కొద్దిమంది. హంగరీనుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన ఛార్లెస్ ఫాబ్రి (1899–1968) 1950లలో ఒడిస్సీని రాజధాని ప్రేక్షకుల దృష్టికి తెచ్చినవారిలో ఒకడు. తెలుగువారిలో వి.ఎ.కె. రంగారావు గ్రామఫోను రికార్డుల మహాసంచయాన్ని సమకూర్చి, దాని బలంతో సినిమాపాటను, నృత్యాన్ని గురించి తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాశారు. పాడినది ఎవరో, ఏ ఏట రికార్డు అయిందో వస్తువు చేతబట్టుకొని చెప్పగలగడం వేరే సంగతి.

1997లో ప్రసారభారతి ఏర్పడింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. ప్రసార గంటలు పెరిగాయి గాని, ప్రసంగానికి వాటిలో చోటు దొరకలేదు. దినపత్రికలలో సమీక్షల స్థానాన్ని కార్యక్రమానికి ముందే వ్రాసే పరిచయవ్యాసాలు చాలవరకు ఆక్రమించాయి. పాత ప్రసంగాల మాటకు వస్తే, తొలి దశాబ్దాలలో వాటిలో అధికభాగం ప్రత్యక్ష ప్రసారాలు. చదవడంతోనే గాలిలో కలిసిపోయాయి. వాటి వ్రాతప్రతులు ఏ ఇంటి అటకమీదనైనా మిగిలి ఉంటే, కుటుంబాలు ఇల్లు మారేలోగా సేకరించడం సాంస్కృతిక శాఖలకు, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.