క్రాంజీలో హైదరాబాదు

కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ చుట్టుపక్కల లేచిన మేడల్లో వేసవి సెలవులంటే సింగపూర్. నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం బొమ్మ, సెంతోసా, ముస్తఫా సెంటర్‌లో బేరాలు. మేమూ అలాగే వెళ్లాం. ఒక పూట మాత్రం ప్యాకేజీలో లేని చోటికి, క్రాంజీ యుద్ధ శ్మశానానికి పోయాం.

నగరానికి ఉత్తరాన 22 కిలోమీటర్లు. గుట్ట వాలు మీద వరుసగా తెల్లరాళ్లు. 4,400 పైచిలుకు సమాధుల్లో 850కి పైగా పేరు తెలియనివే. (పక్కనే మరో కబరస్తాన్‌లో సింగపూర్ తొలి అధ్యక్షుడు యూసఫ్ ఇషాక్ ఉన్నాడు. ఆయన బొమ్మ ఉన్న నోట్లతోనే మనవాళ్లంతా చాక్లెట్లు కొంటారు.) గుట్ట మీద రెక్కలాంటి కప్పు కింద, సమాధి కూడా దక్కని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు. అందులో 'హైదరాబాద్ రెజిమెంట్' అని కనబడింది.

"అబ్బా, వీళ్లు మనోళ్లేనా?" అన్నారు పిల్లలు.

జవాబు అంత సులువు కాదు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నిజాం సొమ్ముతో బ్రిటిష్ వాళ్లు నడిపిన పాత కంటింజెంట్ నుంచి వచ్చింది. పేరు మనది, కానీ ఆ యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది కుమావోనీలు, అహీర్లు, జాట్లు. 1945లో అది కుమావోన్ రెజిమెంట్ అయింది. దాని నాలుగో బెటాలియన్‌ను 1942 జనవరిలో స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకులు తొక్కేశాయి.

నిజాం సొంత ఫౌజు వేరు. ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీని మలయా ఈశాన్య తీరాన కోటా బారు విమానాశ్రయానికి కాపలా పెట్టారు. 1941 డిసెంబర్ 8న అర్ధరాత్రి దాటాక జపాను సేన దిగింది అక్కడే. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంటకు పైగా ముందు! పసిఫిక్ యుద్ధం మొదలైన ఒడ్డున హైదరాబాదు సిపాయి ఉన్నాడని మాకు ఏ పంతులూ చెప్పలేదు.

బ్రిటిష్ రచనలు చెప్పిన తీరు వేరు. నిజాం సిపాయిలు బెదిరి పారిపోయారని రాశాయి. కమాండర్ హెండ్రిక్స్ అక్కడే చనిపోయాడు, సొంతవాళ్లే కాల్చారన్న కథనమూ ఉంది. అదే రోజు ఒక వదంతి విని, కట్టడాలకు నిప్పుపెట్టి ముందే వెళ్లిపోయింది బ్రిటిష్ వైమానిక దళం. పిరికి అన్న మాట ఎవరికి అంటుకుందో చూడండి. ఎవరి విమానాలు, ఎవరి నేల, ఎవరి యుద్ధం? నవాబు పంపాడు, వీళ్లు పోయారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కులో 40,000కు పైగా భారతీయ ఖైదీలను జపానుకు అప్పగించారు. మనం సూట్‌కేసులు నింపుకునే ముస్తఫా సెంటర్ ఆ పక్కనే. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో చాలామందిని కూలీలుగా న్యూగినీ దీవికి తోలారు. 1943లో సుభాష్ బోసు వెంట జలాంతర్గామిలో వచ్చినవాడు మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ. జైహింద్ ఆయన ఇచ్చిన మాటే. సింహం బొమ్మకు నడిచిపోయేంత దూరంలో బోసు పునాది వేసిన స్మారకాన్ని 1945లో బ్రిటిష్ వాళ్లు కూల్చారు. 1995లో అక్కడ గుర్తుగా ఒక ఫలకం పెట్టారు. ఆ స్మారకం మీది మూడు మాటలు ఇత్తెఫాక్, ఇత్మాద్, కుర్బానీ. ఐకమత్యం, విశ్వాసం, త్యాగం. ఉర్దూ మాటలు.

మావాళ్లు ఆబిద్ హసన్ పేరును సర్టిఫికెట్‌లా జేబులో పెట్టుకు తిరుగుతారు. ఎవరైనా దేశభక్తి అడిగితే తీసి చూపిస్తారు. నాకు అది నచ్చదు. ఆయన మావాడైతే కోటా బారులో పరుగెత్తినవాడూ మావాడే. న్యూగినీలో మూటలు మోసినవాడూ మావాడే. వీరుడొక్కడినే లెక్కలోకి తీసుకుంటే మిగతావాళ్లను రెండోసారి పాతిపెట్టినట్టు.

1948 సెప్టెంబర్ తర్వాత నిజాం ఫౌజే లేకుండా పోయింది. సిపాయి పింఛను, ఇల్లు, పరువు దానితోనే పోయాయి. మిగిలింది ఏసీ గార్డ్స్ లాంటి బస్తీ పేర్లు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఆటోవాడికీ తెలియదు, ఎక్కినవాడికీ తెలియదు.

యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఇవాళ ఫోనులోనే దొరుకుతుంది. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరి పేరు ఉంటాయి. ఆ రాత్రి హోటల్ గదిలో పిల్లలు సెంతోసా ఫొటోలు పక్కన పెట్టి అందులో మన జిల్లాల కోసం వెతికారు.