పండుగనాటికి ఇల్లు చేరడం

దూరదేశంలో పొట్ట పోసుకొనే మనిషికి పండుగ అనగానే ముందు జ్ఞాపకం వచ్చేది ఇల్లు. సంక్రాంతి కావచ్చు, రంజాను కావచ్చు, క్రిస్మస్ కావచ్చు. ఆనాటికి సొంత వాకిట అడుగు పెట్టవలెనని ప్రతివాని కోరిక. అయితే ఆ కోరిక నెరవేరడానికి మనసు ఒక్కటి చాలదు. సెలవు కావలె, దారిబత్తెం కావలె, పోవడానికి అనుమతి కావలె. ఈ మూడూ ఎవరి చేతిలో ఉన్నవన్నదే అసలు ప్రశ్న. నెల్లూరు తీరం విడిచి సముద్రం దాటిన క్రైస్తవ కూలీల చరిత్రను ఈ ప్రశ్న వెంట నడిచి చూడవచ్చును.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో శామ్యూల్ డే దొరతో ఆరంభమయినది. తొలి సంవత్సరాలలో సంఘంలో చేరినవారు వేళ్ళమీద లెక్కింపదగినంత మంది. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ కేంద్రాన్ని మూసివేయవలెనా అని తర్కించుకొని, చివరకు నిలుపుకొన్నారు. దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు అప్పుడు వచ్చినదే. తరువాత 1876–78 నాటి మహాక్షామం వచ్చినది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోని భాగమే. అక్కడి మిషనరీ జాన్ క్లౌ దొర తీరం వెంబడి తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ పని కంట్రాక్టుకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించినాడు. 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వీరిలో అధికసంఖ్యాకులు మాదిగలు. సెంటు భూమి లేనివారు. క్రిస్మస్ ఈ తీరపు పల్లెలలో ఇంటింటి పండుగ అయినది ఇట్టివారి వల్లనే.

భూమి లేనివాడికి ఊరు విడవడం కొత్త కాదు. మద్రాసు రేవునుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు అప్పటికే కూలీల ఓడలు పోతున్నవి. 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన 'ట్రూరో' అన్న ఓడ నవంబరు 16న డర్బన్ చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా నేటాలుకు పోయినారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో, బొగ్గు గనులలో, రైలు దారుల మీద వారు పనిచేసినారు. నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణం వంటి జిల్లాల తెలుగువారు వారిలో చాలమంది ఉన్నారు.

ఆ ఒప్పందంలో ఏమున్నది? మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపై ఏటేటా ఒక్కొక్క షిల్లింగు పెంపు, తిండి, ఉండడానికి గది. పండుగకు ఇంటికి పోయి రావడానికి సెలవన్న మాట అందులో లేదు. ఇంటికి పోవడమంటే ఒక్కటే ప్రయాణం: తొలినాటి చట్టం ప్రకారం పదేండ్లు ఆ గడ్డమీద గడిపినవాడికి సర్కారు ఖర్చుతో తిరుగు ఓడ. పదేండ్లంటే పది క్రిస్మసులు. పాలు తాగే బిడ్డను విడిచిపోయినవాడు తిరిగివచ్చేసరికి ఆ బిడ్డ పొలం పనికి పోయే ఈడుకు వచ్చి ఉంటుంది.

ఆ తిరుగు ఓడ దూరాన్ని కూడ ఒకమారు లెక్కించుకొందాము. ట్రూరోకు పట్టిన కాలమే కొలతగా తీసుకొంటే, క్రిస్మస్‌కు ఇల్లు చేరదలచినవాడు నవంబరు నడుమనే డర్బన్ విడవవలె. ఓడ ఎప్పుడు కదిలేదీ కూలీ చేతిలో లేదు. మద్రాసులో దిగిన తరువాతనూ ఇల్లు దూరమే. 1899లో మద్రాసు–బెజవాడ రైలుదారి పూర్తి అయ్యేవరకు తీరగ్రామాలకు కాలినడక, బండి, లేకపోతే పులికాట్ ప్రాంతం మీదుగా ఉత్తరానికి సాగే కాలువ పడవ. కరవులో తమవారు తవ్విన కాలువ మీదనే కొందరు ఇండ్లకు చేరినారన్నమాట. ఆ నెలలు ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫానుల కాలం కూడాను.

మొదటి తిరుగు ప్రయాణికులు 1871లో మద్రాసు చేరినారు. వారిని తెచ్చిన ఓడలలో ఒకదాని పేరు 'రెడ్ రైడింగ్ హుడ్'. వీరు మూటాముల్లెలతో ఊరుకోలేదు. తాము అనుభవించినదానిని అధికారుల ముందు చెప్పుకొన్నారు. ఇస్తామన్న డబ్బు ఇవ్వకపోవడం, జీతాలు కోయడం, కొరడా దెబ్బలు, అన్నీ చెప్పినారు. ఫలితంగా భారత ప్రభుత్వం నేటాలుకు మళ్ళీ కూలీలను పంపడానికి ఒప్పుకోలేదు. 1872లో నేటాలులో విచారణ సంఘం కూర్చున్నది. వలసవచ్చిన భారతీయుల సంరక్షకుడన్న అధికారిని నియమించినారు. 1874లో గాని ఓడలు మళ్ళీ కదలలేదు. సామాన్య కూలీలు ఇల్లు చేరి నోరు విప్పడం వల్ల రెండు ప్రభుత్వాలు కదలవలసివచ్చినది. కూలీ తిరిగిరాకపోతే అక్కడి సంగతి ఇక్కడివారికి తెలిసే దారి చాల ఇరుకు.

తరువాత రోజులలో తిరుగు ప్రయాణమే శిక్షగా మారినది. ఒప్పందం తీరినవారు స్వేచ్ఛగా అక్కడ స్థిరపడడం నేటాలు తెల్లవారికి గిట్టలేదు. 1895 చట్టం ప్రకారం కొత్తగా వచ్చే కూలీ గడువు తీరగానే మళ్ళీ ఒప్పందం రాయవలె, లేదా దేశం పోవలె, లేదా ఏటా మూడు పౌనుల పన్ను కట్టవలె. మూడు పౌనులంటే అరవై షిల్లింగులు. మొదటి ఏటి జీతం లెక్కన ఆరు నెలల కష్టం. ఇంటికి పోవాలన్నవాడిని పదేండ్లు ఆపిన ప్రభుత్వం, ఉండాలన్నవాడిని పొమ్మని తరిమినది. రెండింటిలోనూ కూలీ ఇష్టాన్ని అడిగినవారు లేరు. 1913లో గనుల కూలీలు, తోట కూలీలు సమ్మెకట్టి గాంధీజీ వెంట నిలిచిన మీదట, 1914లో ఆ పన్ను రద్దయినది.

తిరిగిరాలేనివారు ఏమి చేసినారు? నేటాలులోని తెలుగు బాప్టిస్టులు తమకొక బోధకుణ్ణి పంపవలసినదని ఇంటికి జాబులు రాసినారు. తాము రాలేకపోతే, ఇంటినుంచి ఒక మనిషైనా రావలెనని వారి కోరిక. నెల్లూరులోని తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషను సంఘం ఆ మాట ఆలకించినది. 1903లో జాన్ రంగయ్యగారు కుటుంబంతో నేటాలు చేరినారు. కియర్స్‌నీ తేయాకు తోటల తెలుగు కూలీల నడుమ ఆ ఏటి డిసెంబరు 27న, ఆదివారం నాడు, సంఘం స్థాపితమయినది. క్రిస్మస్ గడిచి రెండు రోజులే. యాభై ఏండ్ల క్రితం మూతపడబోయిన నెల్లూరు మిషను ఇప్పుడు తన బోధకుణ్ణి సముద్రం దాటించినది. రంగయ్యగారు 1915లో మరణించేవరకు ఆ సేవలోనే ఉన్నారు. ఇల్లు చేరలేని పండుగను తెలుగు మాటతో, తెలుగు పాటతో ఉన్నచోటనే జరుపుకొనే దారి ఆ కూలీలకు అట్లా దొరికినది.

1911లో నేటాలు వలస ఆగిపోయినది. ఓడల కాలమూ గడచినది. ఇప్పుడు నెల్లూరు, కడప జిల్లాల పల్లెలనుంచి పోయేది కువైట్ మొదలైన గల్ఫు దేశాలకు. పోయేవారిలో ఇండ్లలో పనిచేసే స్త్రీలు చాలమంది. ఐదు వారాల దారి కొన్ని గంటలకు కుదించుకొన్నది. కువైట్‌లో క్రిస్మస్ ప్రభుత్వ సెలవు కాదు గాని, 2010 నాటి కార్మిక చట్టం ఉద్యోగులకు, 2015 నాటి చట్టం ఇంటి పనివారికి ఏటా 30 రోజుల జీతపు సెలవు రాసిపెట్టినవి. పదేండ్లకు ఒక్క తిరుగు ఓడతో పోల్చితే ఇది పెద్ద మార్పే. అయినా 2025 జూలైలో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగి దేశం విడిచి వెళ్ళడానికి యజమాని అనుమతి ఉండవలెనన్న నిబంధన తెచ్చినది. సెలవు చట్టంలో ఉన్నది, విమానం రేవులో ఉన్నది. అనుమతి మాత్రం వేరొకరి సంతకంలో ఉన్నది.

మన దేశపు 1983 నాటి వలస చట్టంలోనూ 'వలసదారుల సంరక్షకాధికారి' అన్న పాతకాలపు పదవి పేరే నిలిచినది. ఆ పేరు సార్థకం కావలెనంటే, మనిషిని ఓడ ఎక్కించడంతో, విమానం ఎక్కించడంతో పని తీరదు. తిరిగివచ్చినవారు చెప్పేది వినవలె. 1871లో విన్నట్లు వినవలె. ఈ డిసెంబరులో శ్రోతలలో ఎందరి ఇండ్లకో దూరదేశంనుంచి మనిషి వస్తారు. పిల్లల బట్టలూ పెట్టెలూ విప్పి చూసిన తరువాత, కొంతసేపు వారి పక్కన కూర్చుని, అక్కడ ఎట్లా గడిచినదని అడుగుదాము. రాలేనివారి ఇంటి తలుపు కూడ ఒకమారు తట్టుదాము.