నార, బంక, తెప్ప

జీవితమంతా సంధులు, సమాసాలు, గణాలు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి రసాయనశాస్త్రంతో పనేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఆ నవ్వుకు తగిన పొరపాటు ఒకటి చేసినవాణ్ణే నేను. అది చెప్పుకోవడానికే ఈ టపా.

మా ఎల్లంతకుంట మండలంలోని అనంతగిరి వద్ద అన్నపూర్ణ జలాశయానికి 2020లో నీరు వచ్చింది. దాని సామర్థ్యం 3.5 టీఎంసీలు. కుంటలలో మొలలోతు నీటిలో నిలిచి వల విసిరినవారికి కాలందని లోతు ఎదురైంది. నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ నీటిని నమ్ముకొని చేపలు పడుతున్నాడు. వాడిది పడవ కాదు. థర్మాకోల్ దిమ్మెలను జతచేసి, ప్లాస్టిక్ సంచులు చుట్టి, తాళ్లతో బిగించిన తెప్ప. ఎండకు సంచులు చివికి, దిమ్మెల అంచులు రాలిపోసాగాయి. పైన ఫైబర్ గుడ్డ పరచి బంక పట్టిస్తే నాలుగు కాలాలు నిలుస్తుందని ఎవరో చెప్పారట. నమూనాకని రెండు చిన్న డబ్బాలు తెచ్చి మా అరుగుమీద పెట్టాడు.

“సారూ, గీ డబ్బల మీద ఇంగ్లీషుల ఏం రాసిన్రో సూడుండ్రి. ఇది అగ్గువ, ఇది పిరం. ఏది కొనాలె?”

అగ్గువది పాలియెస్టర్, పిరమైనది ఎపాక్సీ. రెండూ గట్టిపడేవే. “డబ్బులు దండుగెందుకురా, అగ్గువదే తీసుకో” అని తీర్పు చెప్పాను. గురువాక్యమని వాడు తలూపి వెళ్లాడు.

ఆ రాత్రి ఆ బంక అన్నమాట నన్ను నిద్రపోనివ్వలేదు. అమరకోశం తీశాను. యక్షధూపం, సర్జరసం, రాల అని చెట్టు బంకకు పర్యాయపదాలున్నాయి. మనం గుగ్గిలమంటాం. వ్యాసుని ఆదిపర్వంలో దుర్యోధనుడు పురోచనునికి లక్కయింటిని గురించి చెబుతూ శణమూ సర్జరసమూ, అంటే జనుపనారా గుగ్గిలమూ, ఒకేచోట పేర్కొంటాడు. అక్కడి ఉద్దేశం తగులబెట్టడం. కాని నారకు బంక పట్టించి గట్టిచేయడమే నేటి ఫైబర్ పనికి ప్రాణం. ఇప్పటి నార గాజుది, బంక కర్మాగారంలోది. నిప్పు అంటుకునే గుణం మాత్రం ఆ బంకకూ ఈ బంకకూ ఉన్నది.

మన నదులమీద తిరిగిన పుట్టి చరిత్ర కూడా పైపూత చరిత్రే. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆనెగొంది రేవులో బుట్టలవంటి గుండ్రని పడవలను చూశాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. పదిహేను ఇరవైమందిని మోసేవట. 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా ఎద్దుతోలు కప్పిన అటువంటి బుట్టలనే వర్ణించాడు. తరువాత తోలు పోయి తారు, ప్లాస్టిక్ వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్టులు వచ్చాయి. బుట్ట ఆకారం మారలేదు, మారినది పైపూతే.

తెల్లవారి వాడు మళ్లీ వచ్చాడు. చేతిలో థర్మాకోల్ ముక్క, దాని నడుమ గిన్నెంత గుంట.

“సారూ, మీరు జెప్పిన బంక తుక్కు ముక్క మీద పూసి సూసిన. మంచులెక్క కరిగిపాయె.”

నాకు నోట మాట రాలేదు. పాలియెస్టర్ బంకలో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ నురుగు. ఆ ద్రావకం ఈ నురుగును తినేస్తుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. వాడు పరీక్షించకుండా పూసి ఉంటే పైన గుడ్డ నిగనిగలాడుతూ, అడుగున తెప్ప గుల్లబారేది. ఆ సంగతి నడినీటిలో తెలిసి ఉంటే? ఆ తలంపే నన్ను ఇంకా వదలలేదు.

ఈ గుంట లోకానికి కొత్త కాదని పిదప చదివి తెలుసుకున్నాను. కెరటాలమీద నిలిచి స్వారిచేసే సర్ఫ్‌బోర్డులను కాలిఫోర్నియాలో తయారుచేసిన బాబ్ సిమన్స్, 1949 ప్రాంతంలో పాలీస్టైరీన్ నురుగును వాడిచూశాడు. బంక తగిలితే అది కరుగుతున్నందున పైన పలుచని చెక్క అతికించి ఆపైననే గాజుగుడ్డ పరచాడు. 1958 ప్రాంతంలో హోబీ ఆల్టర్, గార్డన్ క్లార్క్ అనేవారు పాలియురేథేన్ నురుగును పట్టారు. దానిని స్టైరీన్ తినదు. అందుచేత అగ్గువ పాలియెస్టరే దశాబ్దాలపాటు రాజ్యమేలింది. 2005 డిసెంబరు 5న క్లార్క్ తన కర్మాగారాన్ని హఠాత్తుగా మూసివేయగా, పాలీస్టైరీన్, ఎపాక్సీల జంటకు గిరాకీ పెరిగింది. కనుక పాత పలకను ఇంట్లో బాగుచేసుకొనేవారు మొదట అడగవలసినది బంక ధర కాదు, లోపలి నురుగు ఏదని. పాలియురేథేన్ అయితే రెండు బంకలూ చెల్లుతాయి. తెల్లని పూసల నురుగయితే ఎపాక్సీ ఒక్కటే.

వాడు పిరమైనదే కొన్నాడు. మా వేపచెట్టు నీడన, చేతులకు తొడుగులు వేసుకొని, గాలి ఆడేచోట పని సాగించాడు. డబ్బా మీది పాళ్లు నేను చదువుతుంటే వాడు కొలిచి కలిపాడు. గణం తప్పితే పద్యం కుంటుతుంది, పాలు తప్పితే ఎపాక్సీ గట్టిపడదు. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి గడ్డకడుతుందని కొద్దికొద్దిగానే కలిపాం. ఎండకు ఎపాక్సీ పసుపుబారి పాడవుతుందని పైన రంగు కూడా వేయించాను.

ఇప్పుడు ఆ తెప్ప నీటిలో ఉంది. దానిమీద వాడు ఉన్నాడు. లైఫ్ జాకెట్ లేకుండా దిగవద్దని మాత్రం నేను పోరుతూనే ఉన్నాను. గురువు చెప్పినదాన్ని కూడా తుక్కు ముక్కమీద పూసి చూడమని నేను బడిలో నేర్పలేదు. వాడే నాకు నేర్పాడు.

మీ ప్రాంతాల పుట్టివారు, పడవవారు ఈ బంకను ఏ పేరుతో పిలుస్తారో తెలిసినవారు వ్యాఖ్యలలో తెలుపగలరు.