పరిశోధన పత్రాల్లో ఉల్లేఖనం, ఆధారసూచి: చరిత్ర

పరిశోధన పత్రం రాసేవారు తమ మాటకు ఆధారమైన రచనలను ఎక్కడికక్కడ పేర్కొనడం ఉల్లేఖనం. ఆ రచనల పూర్తి వివరాలను చివర ఇచ్చే పట్టిక ఆధారసూచి. విశ్వవిద్యాలయాల వాడుకలో వీటిని సైటేషన్, రిఫరెన్సులు అంటారు. రచయిత పేరు ఎలా రాయాలి, ఏడాది ఎక్కడ ఉండాలి, కామా ఎక్కడ, సెమికోలన్ ఎక్కడ అనే నియమాలు జర్నల్‌కో తీరుగా ఉంటాయి. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవారికి ఇదంతా చాదస్తంగా తోస్తుంది. కానీ వీటిలో ప్రతి పద్ధతీ ఏదో ఒక కాలంలో, ఏదో ఒక ఇబ్బందిని తీర్చడానికి పుట్టిందే.

ఆధారం చూపి రాయాలన్న పట్టుదల అచ్చుయంత్రం కంటే పాతది. నేటి మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, మూలం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మొదట్లోనే మాట ఇచ్చాడు. దానికి కట్టుబడి అమరకోశాన్నీ పాణిని సూత్రాలనూ అడుగడుగునా ఉదాహరించాడు. అయితే అక్కడ గ్రంథం పేరో కర్త పేరో చెబితే సరిపోయేది. చదివే పండితుడికి అమరం కంఠస్థమే. పైగా రెండు తాళపత్ర ప్రతుల్లో ఒకే వాక్యం ఒకే ఆకు మీద ఉంటుందన్న నమ్మకం లేదు కనుక పుట సంఖ్య చెప్పినా ప్రయోజనం ఉండదు. ఒక కూర్పు ప్రతులన్నింటిలోనూ ఒకే పుట ఒకేలా ఉండడం అచ్చుతోనే సాధ్యమైంది. నేటి ఉల్లేఖన పద్ధతులన్నీ ఆ సౌకర్యం మీద లేచినవే.

ఐరోపాలో తొలి ముద్రిత గ్రంథాలు ఆధారాలను పుట అంచుల్లో వేసేవి. 1697 నాటి పియర్ బేల్ చారిత్రక, విమర్శనాత్మక నిఘంటువులో అధోసూచికలు ఎంతగా పెరిగాయంటే, చాలా పుటల్లో అసలు పాఠం పైన రెండు మూడు పంక్తులకే పరిమితమైంది. 1776లో ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం వచ్చినప్పుడు సూచికలన్నీ పుస్తకం చివర ఉన్నాయి. ప్రతిసారీ చివరికి వెళ్లి చూస్తే తరచూ ఒట్టి గ్రంథం పేరే కనబడుతోందనీ, అవి పుట అంచునో అడుగునో ఉండాలనీ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. తర్వాతి కూర్పుల్లో అవి పుట అడుగుకు వచ్చాయి. చదివేవారి సౌకర్యం కోసం ఉల్లేఖన పద్ధతి మారిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

విజ్ఞానశాస్త్ర పత్రికలు 1665లోనే మొదలైనా, వాటిలో ఆధారాలు చెప్పే తీరు రెండు శతాబ్దాలపాటు రచయిత ఇష్టాన్ని బట్టే నడిచింది. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్, ఒక జాతి నేలనత్త గుడ్ల ఎదుగుదల గురించి రాసిన పత్రంలో రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం వాక్యం మధ్యనే కుండలీకరణాల్లో ఇచ్చాడు. హార్వర్డ్ పద్ధతికి ఆద్యుడిగా చెప్పేది ఈయననే. పద్ధతికి ఆ పేరు నిలిచిందే గాని, దానికి ఆ విశ్వవిద్యాలయం వెలువరించిన అధికారిక నియమావళి ఏదీ లేదు. ఏది ముందు కనుగొన్నారో, ఏది పాతబడిందో శాస్త్రవేత్తకు ముఖ్యం కనుక ఏడాది కంటి ముందుండే ఈ తీరు వారికి నచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో నియమాలు పుస్తకాలకెక్కాయి. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం తన అక్షరకూర్పు నియమాలను 1906లో పుస్తకంగా తెచ్చింది. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం నియమావళి, అంటే నేటి ఏపీఏ, 1929లో ఏడు పుటల వ్యాసంగా మొదలై, ఏడో కూర్పు నాటికి 400 పుటలు దాటింది. ఆధునిక భాషా సంఘం, అంటే ఎంఎల్ఏ, 1951లో తన నియమపత్రం విడుదల చేసింది. 1984లో అధోసూచికలు వదిలి, వాక్యంలోనే రచయిత పేరు, పుట సంఖ్య ఇమ్మంది. సాహిత్య విమర్శకుడికి కావలసింది ఏడాది కాదు, ఆ మాట ఏ పుటలో ఉందన్నది.

వైద్య పత్రికల కథ వేరు. ఒక పత్రిక తిప్పి పంపిన వ్యాసాన్ని మరో పత్రికకు పంపాలంటే, దాని పద్ధతికి తగ్గట్టు మళ్లీ టైపు కొట్టించాల్సి వచ్చేది. ఈ బాధ తప్పించడానికి 1978 జనవరిలో కొందరు సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కలిశారు. వారు కుదుర్చుకున్న ఉమ్మడి నియమాలు 1979లో అచ్చయ్యాయి. ఆధారసూచి రూపాన్ని అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం రూపొందించింది. ఇందులో వాక్యంలో కేవలం అంకె ఉంటుంది. చివరి పట్టిక ఆ అంకెల వరుసలో సాగుతుంది. ఒక ప్రసిద్ధ పత్రం ఈ పద్ధతిలో ఇలా ఉంటుంది:

ఫిస్క్ సిహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

ఏడాది తర్వాత సెమికోలన్, సంపుటం, కోలన్, పుటలు: ఇంత పొదుపుగా ఉన్నా గ్రంథాలయంలో ఆ సంపుటాన్ని తీసి సరిగ్గా ఆ పుట తెరవడానికి కావలసిందంతా ఇందులో ఉంది. ఇందులోని సుబ్బారావ్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు పొడి అక్షరంగా రాయమనే పాశ్చాత్య నియమంలో ఆయన ఇంటిపేరు ‘వై’ అనే ఒక్క అక్షరంగా మిగిలి, సొంత పేరు ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 1945 నాటి సుప్రసిద్ధ పత్రం కూడా సూచీల్లో ‘రావ్ సి.ఆర్.’ పేరుతోనే ఉంటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారి పట్ల ఈ నియమాలు న్యాయంగా లేవు. వేలమంది రావులు, రెడ్లు సూచీల్లో కలగలిసిపోయారు. 2012లో మొదలైన ఓర్సిడ్, ప్రతి పరిశోధకుడికీ పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య ఇచ్చి ఈ చిక్కును కొంత విప్పింది.

యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి 1964లో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో, ఎవరు ఎవరిని ఉదాహరించారో లెక్కపెట్టడం సాధ్యమైంది. అప్పటినుంచి ఆధారసూచిలో తప్పు, పాఠకుడికే కాక రచయిత పేరు ప్రతిష్ఠలకూ నష్టమైంది. తప్పులు ఎలా పాకుతాయో 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే పరిశోధకులు చూపించారు. ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర పత్రానికి వచ్చిన సుమారు 4,300 ఉల్లేఖనాల్లో 196 తప్పుగా ఉన్నాయి. వాటిలో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పుట సంఖ్య 78 చోట్ల కనిపించింది. మూలం చూడకుండా ఒకరి సూచి నుంచి మరొకరు ఎత్తి రాసుకున్నారన్నమాట.

కంప్యూటర్లు వచ్చాక కామాల బరువు తగ్గింది. 1985 నాటి బిబ్‌టెక్, 2006 నాటి జొటెరో వంటివి వివరాలను ఒకసారి దాచుకుంటే కోరిన పద్ధతిలోకి మారుస్తాయి. 2000లో ఏర్పడిన క్రాస్‌రెఫ్ ద్వారా పత్రాలకు శాశ్వత సంఖ్య, అంటే డీఓఐ, అలవాటైంది. మొదటి పరిశీలనకు ఏ పద్ధతిలో పంపినా ఫర్వాలేదని చాలా జర్నళ్లు ఇప్పుడు అంటున్నాయి. తుది ప్రతిలో నియమాలు సరిచూస్తే చాలు.

ఇటీవల కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు రూపంలో ఏ లోపం లేని, కానీ అసలు ఉనికే లేని ఆధారాలను పుట్టిస్తున్నాయి. ఈ పరిస్థితిలో వాంకూవర్ బృందానికి వారసులైన అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘం, ప్రతి ఆధారాన్నీ పబ్‌మెడ్ వంటి సూచీలోనో మూల ప్రతిలోనో సరిచూడమంటోంది. యంత్రం రాసిన పాఠాన్ని ప్రాథమిక ఆధారంగా చూపడం కుదరదని కూడా తన నియమాల్లో చేర్చింది.