ఫొటో సైజ్ ఎక్కువైందని వెబ్‌సైట్ తిప్పి కొడుతోందా? ముఖం మసకబారకుండా కేబీలు తగ్గించండిలా

బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారు. వివరాలన్నీ నింపారు. ఫొటో దగ్గరకు వచ్చేసరికి ఎర్ర అక్షరాలు ప్రత్యక్షం: ఫైల్ 50 కేబీ దాటకూడదు. మీ ఫోన్‌లో ఉన్నదేమో 4 ఎంబీ ఫొటో. గడువు ఈ రాత్రికే ముగుస్తోంది. ప్లేస్టోర్‌లో కనిపించిన మొదటి యాప్ వేసుకుని, ఎలాగోలా 45 కేబీకి దించి, ‘అమ్మయ్య, అప్‌లోడ్ అయింది’ అనుకుంటారు. తర్వాత హాల్‌టికెట్ మీద అచ్చయ్యేది ఆ మసక ఫొటోనే. పరీక్ష కేంద్రంలో మీ ముఖాన్ని పోల్చి చూసేదీ దానితోనే. ఫొటో, సంతకం స్పష్టంగా లేకపోతే దరఖాస్తునే తిరస్కరించవచ్చని నోటిఫికేషన్లలో రాసే ఉంటుంది. ఆ పేజీ చదివేవాళ్లే తక్కువ.

నిజానికి 50 కేబీ అంత చిన్నదేమీ కాదు. ముఖం చక్కగా కనిపించే పాస్‌పోర్ట్ సైజ్ ఫొటో అందులో హాయిగా ఇమిడిపోతుంది. తగ్గించాల్సింది వదిలేసి ఇంకోటి తగ్గించడం వల్లే ఈ తిప్పలు.

ముందు పిక్సెల్స్, తర్వాతే క్వాలిటీ

డిజిటల్ ఫొటో అంటే రంగు చుక్కల వరుసలు. ఒక్కో చుక్క ఒక పిక్సెల్. 12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫొటో వెడల్పు, ఎత్తు సుమారు 4000 × 3000. అంటే 1.2 కోట్ల చుక్కలు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సాధారణంగా అడిగేది 200 × 230 కొలత, 20 నుంచి 50 కేబీల మధ్య సైజ్. 200ను 230తో గుణిస్తే 46 వేల చుక్కలు. మీ ఫోన్ ఫొటోలో అంతకు దాదాపు 260 రెట్లు ఉన్నాయి.

ఇప్పుడు చిన్న లెక్క. ఏమీ కుదించకుండా దాచితే ఒక్కో చుక్కకు 3 బైట్లు కావాలి. 46 వేల చుక్కలకు 138 కేబీ. దాన్ని 50 కేబీ చేయాలంటే మూడో వంతుకు తగ్గిస్తే చాలు, కంటికి తేడా తెలియదు. అదే 1.2 కోట్ల చుక్కలకు 36 ఎంబీ. వాటినన్నిటినీ ఉంచి 50 కేబీలో కుక్కాలంటే 720వ వంతుకు నలగ్గొట్టాలి. అప్పుడు ముఖం గళ్లు గళ్లుగా కాక ఇంకెలా వస్తుంది? కొలత మార్చకుండా క్వాలిటీ ఒక్కటే తగ్గించే యాప్‌లు చేసే పని ఇదే.

కాబట్టి మొదట ముఖం, భుజాలు ఉండేలా క్రాప్ చేయండి. తర్వాత రీసైజ్‌లో వెడల్పు 200 అని ఇవ్వండి. చివరగా సేవ్ చేసేటప్పుడే క్వాలిటీ జోలికి వెళ్లండి. రీసైజ్ చేసేటప్పుడు వెడల్పు, ఎత్తు నిష్పత్తిని కాపాడే గడికి టిక్ ఉండాలి. అది తీసేసి బలవంతంగా 200, 230 కొడితే ముఖం సాగిపోతుంది. అందుకే క్రాప్ చేసేటప్పుడే దాదాపు ఆ ఆకారంలో కత్తిరించుకోవాలి.

విండోస్ కంప్యూటర్‌లోని పెయింట్‌లో రీసైజ్ నొక్కి, పర్సంటేజ్ బదులు పిక్సెల్స్ ఎంచుకుంటే ఈ పని అయిపోతుంది. మ్యాక్‌లో ప్రివ్యూ ఉంది. ఫోన్‌లో అయితే బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్ అనే ఉచిత సాధనం వాడొచ్చు. ఇది గూగుల్ క్రోమ్ బృందం తయారుచేసింది. క్వాలిటీ మీటను జరుపుతుంటే పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కనే కనిపిస్తాయి, సైజ్ కూడా చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ ఫొటో ఏ సర్వర్‌కూ వెళ్లదు. కుదింపు అంతా మీ ఫోన్‌లోనే జరుగుతుంది.

కంటికి ఎందుకు తెలియదు?

జేపీఈజీ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. వెలుగునీడల్లో తేడాను మన కన్ను ఇట్టే పట్టేస్తుంది, రంగులో చిన్న తేడాలను అంతగా పట్టించుకోదు. అందుకే జేపీఈజీ రంగుల సమాచారాన్ని చాలావరకు పలచన చేస్తుంది. ఆపై ఫొటోను 8 × 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో మరీ సన్నని వివరాలను వదిలేస్తుంది. క్వాలిటీ 100 నుంచి 85కి తగ్గిస్తే సైజ్ బాగా పడిపోతుంది, తేడా మాత్రం వెతికినా దొరకడం కష్టం. మరీ కిందికి లాగితే ఆ గళ్లు బయటపడతాయి.

ఇందులోంచే ఒక చిట్కా. తెల్ల గోడ ముందు తీసిన ఫొటో తక్కువ కేబీల్లో సరిపోతుంది. పూల కర్టెన్ ముందు దిగితే కేబీలన్నీ పూలే తినేస్తాయి, ముఖానికి మిగిలేది తక్కువ.

సంతకంతోనే అసలు పేచీ

సంతకానికి ఐబీపీఎస్ కొలత 140 × 60, సైజ్ 10 నుంచి 20 కేబీ. ఇక్కడ చాలామందికి తిరగబడే సమస్య వస్తుంది: ఫైల్ మరీ చిన్నదైపోయిందంటుంది! 140 × 60 అంటే 8,400 చుక్కలే. తెల్ల కాగితం మీద నాలుగు గీతలు కదా, కుదిస్తే 10 కేబీ కూడా రాదు. నోటిఫికేషన్‌లో ఆ కొలతకు ‘ప్రిఫర్డ్’ అని ఉంటుంది, అంటే ఉంటే మంచిదని. కేబీ హద్దు మాత్రం తప్పనిసరి. కాబట్టి అసలు ఫొటో నుంచి మళ్లీ మొదలుపెట్టి, అదే నిష్పత్తిలో రెట్టింపు, అంటే 280 × 120 చేసి, క్వాలిటీ పైకి జరిపి చూడండి. ఇప్పటికే కుదించిన ఫైల్‌ను పెద్దది చేస్తే కేబీలు పెరుగుతాయి కానీ పోయిన స్పష్టత రాదు.

క్వాలిటీ బాగా తగ్గిస్తే సంతకమే ముందు దెబ్బతింటుంది. నల్ల గీత, తెల్ల కాగితం కలిసే అంచు దగ్గర జేపీఈజీ తడబడుతుంది, గీతల చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిద రంగు చుక్కలు చేరతాయి. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో, కిటికీ వెలుగులో, మీ చేతి నీడ పడకుండా ఫొటో తీస్తే సగం పని అక్కడే తీరిపోతుంది. అన్నట్టు, అన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో చేసిన సంతకాన్ని ఐబీపీఎస్ అంగీకరించదు. అది కేబీల గొడవ కాదు.

సర్టిఫికెట్ల విషయంలో నీడలు, మడతలు కూడా కేబీలు తింటాయి. అక్షరాలే ముఖ్యమైన కాగితాన్ని స్కానర్ యాప్‌తో గ్రే రంగులో తీయండి. ఏ4 పేజీకి 200 డీపీఐ అంటే సుమారు 1650 × 2340 పిక్సెల్స్, చదవడానికి అది చాలు. అయితే రంగు కాపీయే కావాలని అడిగారేమో ముందు చూసుకోండి. ఆ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటే ఫొటో తీయడం మానేసి పీడీఎఫ్‌ను నేరుగా దించుకోండి.

అమెరికా వీసా డీఎస్-160 ఫారం లెక్క వేరు. అక్కడ ఫొటో చతురస్రంగా ఉండాలి, 600 × 600 నుంచి 1200 × 1200 పిక్సెల్స్ మధ్య, 240 కేబీకి మించకుండా. 600తో చేస్తే క్వాలిటీ పెద్దగా తగ్గించకుండానే సరిపోతుంది. బ్యూటీ ఫిల్టర్ మాత్రం ఆఫ్ చేయండి. రూపు మార్చిన ఫొటోలను ఒప్పుకోరు.

ఐఫోన్ వాడేవారికి ఇంకో చిక్కు. 2017 నుంచి అందులో ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో సేవ్ అవుతున్నాయి. చాలా పోర్టళ్లు దాన్ని తీసుకోవు. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలి రకం మారదు. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి ‘మోస్ట్ కంపాటబుల్’ పెట్టుకుని మళ్లీ ఫొటో తీసుకోవడమే సులువు.

నెట్ సెంటర్‌కు వాట్సాప్‌లో ఫొటో పంపేవారూ చాలామందే. మామూలుగా పంపితే వాట్సాప్ ఒకసారి కుదిస్తుంది, అక్కడ వాళ్లు ఇంకోసారి కుదిస్తారు. జేపీఈజీని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఎంతో కొంత పోతుంది. అటాచ్‌లో ‘డాక్యుమెంట్’ ఎంచుకుని పంపితే అసలు ఫైలే చేరుతుంది. ఆధార్ ఫొటోలను మాత్రం ఊరూ పేరూ తెలియని ‘ఫ్రీ కంప్రెస్’ సైట్లలోకి ఎక్కించకండి. ఒప్పుకునే చోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి.

ఫైనల్ సబ్మిట్‌కు ముందు ప్రివ్యూ పేజీలో ఫొటోను, సంతకాన్ని వేళ్లతో పెద్దది చేసి చూడండి. కళ్లు, సంతకం గీతలు విడిగా తెలియకపోతే అసలు ఫొటోతో మళ్లీ మొదలుపెట్టండి. సబ్మిట్ నొక్కాక చాలా పోర్టళ్లలో మార్చుకునే వీలుండదు.