సున్నా మైలు నుంచి దీక్షాభూమి దాకా

లక్నోలో స్నేహితుడి పెళ్ళికి చౌకగా దొరికిన టికెట్‌లో ఒక మెలిక ఉంది. మధ్యలో నాగపూర్‌లో ఆరు గంటలు ఆగాలి. "అక్కడేముంటుంది బాస్, ల్యాప్‌టాప్ తీసి పని చేస్కో" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. మనలో చాలామందికి నాగపూర్ అంటే ఢిల్లీ రైలు కాసేపు ఆగే స్టేషను, కిటికీలోంచి కొనే కమలాపళ్ళ సంచీ. అంతే. నాకు ఇంకొక సంగతి కూడా తెలుసు, అది చివర్లో చెప్తాను.

అసలు ఈ విమానాశ్రయం చరిత్రే ఆగి వెళ్ళేవాళ్ళ చరిత్ర. 1949లో మొదలైన రాత్రి విమాన తపాలాకి ఇదే కూడలి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రిపూట బయల్దేరి ఇక్కడ కలిసేవి. ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు చేరేవాళ్ళు. మద్రాసులో సాయంత్రం పోస్టు చేసిన ఉత్తరం మర్నాటికి ఢిల్లీలో ఉండేదంటే, ఈ ఊళ్ళో కొందరు రాత్రంతా మేలుకుని ఉండబట్టే. నెట్‌వర్క్ పాఠాల్లో 'హబ్' అని చదువుకున్నది ఇదేగా అనిపించింది.

సామాను నేరుగా లక్నోకి పోతుంది. తిరిగొచ్చి సెక్యూరిటీ దాటడానికి గంటన్నర తీసేసినా చేతిలో నాలుగు గంటలుంటాయి. ఆటోలో వార్ధా రోడ్డు మీదికి వచ్చి, మెట్రో ఎక్కి, సీతాబర్డీ దాటి జీరో మైల్ స్టేషన్‌లో దిగాను. ఎదురుగా ఇసుకరాతి స్తంభం, దూకుతున్నట్టున్న నాలుగు గుర్రాలు. పక్కనున్న ఆరు పలకల రాయి మీద చుట్టుపక్కల ఊళ్ళకి మైళ్ళ లెక్క చెక్కి ఉంది. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది, మూడొందల పైచిలుకు మైళ్ళ దూరంలో.

ఇది భారతదేశానికి నట్టనడుమ అనీ, దేశంలో దూరాలన్నీ ఇక్కణ్ణుంచే కొలిచారనీ ఎవర్నడిగినా చెప్తారు. వినడానికి బాగుంటుంది గానీ లెక్క కుదరదు. మహా త్రికోణమితి సర్వే మొదలైంది 1802లో, మద్రాసులో. ఆ తర్వాత దేశ పటాలకి మూలబిందువుగా పెట్టుకున్నది మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ గుట్టని. ఇక దేశం నడిబొడ్డంటారా, 1947లో సరిహద్దులు మారాక పాత కొలత ఎలాగూ చెల్లదు. ఈ రాయి కచ్చితంగా చెప్పేది ఎత్తు మాత్రమే, సముద్రమట్టానికి సుమారు 1020 అడుగులు.

నాకు ఆ రాయి కంటే దాని వెనకున్న మనుషుల కథ ముఖ్యమనిపించింది. ఆ సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ చాలాకాలం హైదరాబాద్ కేంద్రంగా పనిచేశాడు. జార్జ్ ఎవరెస్ట్ అతని దగ్గర చేరింది అక్కడే, 1818లో. మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య యెల్లాపురం అడవుల్లో విషజ్వరం వచ్చి, ఎవరెస్ట్‌తో పాటు అతని బృందంలోని దాదాపు 150 మంది మంచాన పడ్డారు. లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాద్ నుంచి నాగపూర్ వస్తూ, చేరకుండానే హింగన్‌ఘాట్‌లో పోయాడు. సమాధి అక్కడే ఉంది. మన ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వచ్చే హైవే ఆ ఊరు తగులుతూనే వస్తుంది. ఎవరెస్ట్ పేరు శిఖరానికి పెట్టారు. లాంబ్టన్‌కి సమాధి అన్నా మిగిలింది. గొలుసులు మోసినవాళ్ళకీ, గుట్టలెక్కి జెండాలు పట్టుకున్నవాళ్ళకీ, మన అడవుల్లో జ్వరపడ్డవాళ్ళకీ ఏ రాయీ లేదు.

టైం చూసుకుని ఆటో మాట్లాడుకున్నాను, దీక్షాభూమికి.

1956 అక్టోబర్ 14, విజయదశమి. అంబేద్కర్ ఇక్కడ బౌద్ధం స్వీకరించి, లక్షలమందికి తనే దీక్ష ఇచ్చాడు. నాగపూర్‌నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకి మర్నాటి ప్రసంగంలో జవాబు చెప్పాడు. ఆరెస్సెస్ ఈ ఊళ్ళో ఉందని కాదు, బౌద్ధాన్ని వ్యాప్తి చేసిన నాగులు ఉన్న చోటు ఇది కాబట్టి అని. సరిగ్గా పద్దెనిమిది రోజులకి, నవంబర్ 1న, రాష్ట్రాల పునర్విభజనతో నాగపూర్‌కి రాజధాని హోదా పోయింది. మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్‌కి తరలింది, ఈ ఊరు బొంబాయి రాష్ట్రంలో కలిసింది. అదే రోజు హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కి రాజధాని అయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ తేదీకి ఒక వైపే ఉంటుంది. డిసెంబర్ 6న అంబేద్కర్ పోయాడు. రాజధాని పోయిన ఊరికి ఏటా లక్షలమంది మాత్రం వస్తూనే ఉన్నారు. నడిబొడ్డు అన్న మాట ఈ ఊరికి కుదిరిందంటే, అది సర్వేయర్ల వల్ల కాదు, వీళ్ళ వల్ల.

ఆ లక్షల్లో మా నాన్న ఒకడు. నా చిన్నప్పుడు ప్రతి దసరాకీ జనరల్ బోగీలో నాగపూర్ వెళ్ళొచ్చేవాడు, తిరిగొస్తూ కమలాపళ్ళు తెచ్చేవాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో "పండగ పూట మీ నాన్న ఎక్కడికెళ్తాడ్రా?" అని అడిగితే, "అక్కడ బంధువులున్నార్రా" అనేవాణ్ణి. ఎందుకలా చెప్పానో తెలిసినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరాక అది కూడా చెప్పే అవసరం రాలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. నాన్న రెండు మూడుసార్లు రమ్మన్నాడు. లీవు లేదన్నాను. ఇప్పుడు వచ్చింది కూడా లీవు పెట్టుకుని కాదు, టికెట్ చౌకని.

తెల్లటి స్తూపం లోపలికి వెళ్ళాను. గుమ్మటం కింద అంతా ఖాళీ, చల్లటి నేల. మామూలు రోజు కాబట్టి పదిమంది కూడా లేరు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఒక ముసలాయన, నేను. బయటికొచ్చి బోధివృక్షం దగ్గర కూర్చుని ఫోన్ చేశాను.

"నాన్నా, నాగపూర్‌లో ఉన్నాను. దీక్షాభూమిలో."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "జనం ఉన్నారా?"

"లేరు నాన్నా. ఖాళీగా ఉంది."

"అవునా," అన్నాడు. "నేనెప్పుడూ ఖాళీగా చూళ్ళేదురా. ఎలా ఉంటుందో చెప్పు."

విమానానికి ఇంకా రెండు గంటలుంది. చెప్పడం మొదలుపెట్టాను.