వృక్ష చిత్రలేఖనం

మొక్కను పోల్చి గుర్తుపట్టడానికి వీలుగా దాని ఆకులు, పూలు, కాయలు, గింజలను కొలతల ప్రకారం గీసే కళ. అలంకారానికి వేసే పూలబొమ్మ వేరు. ఇక్కడ రేకుల లెక్క తప్పితే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

తెలుగునేలకు సంబంధించినంతవరకు దీనికి గొప్ప ఉదాహరణ విలియం రాక్స్‌బర్గ్ వేయించిన చిత్రాలు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఈ స్కాట్లండ్ దేశస్థుడు 1780లలో సామర్లకోటలో ఉంటూ, భారతీయ చిత్రకారుల చేత చుట్టుపక్కల మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలో ఎంపిక చేసిన 300 చిత్రాలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరిట మూడు సంపుటాలుగా లండన్‌లో 1795–1820 మధ్య వెలువడ్డాయి. వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. రాక్స్‌బర్గ్ పేరు నిలిచింది. కుంచె పట్టినవారి పేర్లు చాలావరకు తెలియకుండా పోయాయి. ఇది చిన్న లోపం కాదు.

నేర్చుకునేవారు రంగుల జోలికి పోకుండా ముందు పెన్సిల్‌తో కొమ్మ మీద ఆకుల అమరిక గీయాలి. గన్నేరులో కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులుంటాయి, మందారంలో ఒక్కొక్కటే. తరువాత పువ్వును నిలువుగా కోసి, భూతద్దంతో చూస్తూ లోపలి భాగాలు విడిగా వేయాలి. మందారంలో కేసరాలన్నీ కలిసి కీలాన్ని చుట్టిన గొట్టంలా ఉండటం అప్పుడే తెలుస్తుంది. పువ్వు త్వరగా వాడిపోతుంది కనుక దాని రంగును వెంటనే పక్కన నమూనాగా పూసి ఉంచుకోవాలి.

వేర్వేరు కాలాల్లో వచ్చే పువ్వునూ కాయనూ ఒకే పుటలో చూపవచ్చు కనుక, ఫొటోలు వచ్చాక కూడా శాస్త్రజ్ఞులు కొత్త జాతులను వర్ణించేటప్పుడు రేఖాచిత్రాలు వేయిస్తూనే ఉన్నారు.